పోస్టర్లో అమ్మ

ఆ రోజు రావాల్సిన మోడళ్ళు రాలేదు. వాళ్ళు రాకపోబట్టే ఇదంతా జరిగింది.

పిల్లల చదువుల కోసం బ్యాంకు కొత్తగా ఓ పొదుపు పథకం పెట్టింది. దానికి పోస్టరు కావాలి. పోస్టర్లో ఓ తండ్రి, ఓ తల్లి, మధ్యలో ముద్దొచ్చే పాప. ఫొటోగ్రాఫరు పొద్దున్నే దిగాడు. మేనేజరు గదిలో బల్లలన్నీ ఓ పక్కకి నెట్టి, గోడకి నీలం గుడ్డ కట్టి, లైట్లు పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నమైనా మోడళ్ళ జాడ లేదు. ఫొటోగ్రాఫరు మాటిమాటికీ గడియారం చూడటం, మేనేజరు మాటిమాటికీ మెడ తుడుచుకోవడం. ఇక లాభం లేదని మేనేజరు హాల్లోకొచ్చి స్టాఫునందర్నీ ఎగాదిగా చూశాడు.

"కాషియరూ, నువ్విలా రావయ్యా. టైపిస్టమ్మా, నువ్వు కూడా."

కాషియరు పొడగరి, మీసకట్టు బావుంటుంది, అప్పటికే ఇద్దరు మగపిల్లల తండ్రి. టైపిస్టుకి ఇరవయ్యారేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. వేళ్ళకంటిన కార్బను మరకలు రుమాలుకి తుడుచుకుంటూ వెళ్ళింది. సంగతి తెలిశాక గుమ్మంలోనే ఆగిపోయింది.

"నేనా సార్? ఈయన పక్కనా?"

"పక్కన కూర్చుంటే ఏం పోయిందమ్మా? కాపురం చెయ్యమనట్లేదుగా!"

హాలంతా గొల్లుమంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెళ్ళి కూర్చుంది.

ఇక పాప. బ్యాంకు జీపు డ్రైవరు ఆ వేళ కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు, ఇంట్లో భార్యకి జ్వరమని. మూడేళ్ళ పిల్ల, గుండ్రంగా బొద్దుగా ఉంటుంది. అందరూ బుడ్డి అనేవారు. కాషియరు ఒళ్ళో కూర్చోబెట్టగానే ఏడుపు లంకించుకుంది. టైపిస్టు అందుకుని ఒళ్ళో వేసుకుని, పిల్ల వీపు మీద వేళ్ళతో టైపు కొడుతున్నట్టు ఆడించింది. "టకటక టకటక... టింగ్!" పిల్ల కిలకిలా నవ్వింది. నవ్విన క్షణాన ఫొటోగ్రాఫరు నొక్కేశాడు.

నెల తిరక్కుండా ఆ బొమ్మ ఊరూరా వెలిసింది. బస్సుల వెనక, బ్యాంకు గోడల మీద, సినిమా హాల్లో ఇంటర్వెల్ స్లయిడు మీద. బొమ్మ కింద పెద్ద అక్షరాలు: "మీ పాప చదువు మా పూచీ."

కాషియరు భార్య సరదా మనిషి. "బయట మా ఆయన్ని నీకిచ్చేశాంలే. ఇంట్లో మాత్రం నాకు వదిలెయ్ తల్లీ," అని బ్యాంకుకొచ్చి మరీ ఆటపట్టించింది. టైపిస్టు తల్లికి మాత్రం నవ్వు రాలేదు. మాటలు నడుస్తున్న సంబంధం ఒకటి అక్కడితో ఆగింది. అబ్బాయి మేనమామ బస్సు వెనకాల పోస్టరు చూశాడట. ఉత్త ప్రకటనే అని చెబితే, "తెలుసండీ, కానీ రోడ్డు మీద నలుగురూ అడిగితే ఎంతమందికని చెప్పుకుంటాం?" అన్నాడట. ఆ తర్వాత వచ్చినవి ఇంకేవో కారణాలతో పోయాయి. ఒకటి రెండు ఆమే వద్దంది. అలా ఏళ్ళు గడిచిపోయాయి. నెపమంతా పోస్టరు మీదికి నెట్టడం న్యాయం కాదని ఆమెకీ తెలుసు.

కౌంటర్ల దగ్గరికొచ్చే ఆడవాళ్ళు ఆమెని గుర్తుపట్టేవారు. "అమ్మా, మీరే కదూ? పాపెలా ఉంది?" అని అడిగేవారు. ఆమె నోరు తెరిచేలోపు మేనేజరు కళ్ళతోనే వారించేవాడు. తర్వాత గదిలోకి పిలిచి, "కాదని చెప్పి జనాన్ని కంగారు పెట్టకు. బావుందని చెప్పు, చాలు. నిన్ను చూసే కదా ఖాతాలు తెరుస్తున్నారు," అన్నాడు.

మొదట్లో ఆ మాట గొంతులో అడ్డం పడేది. పోనుపోను అలవాటైంది. నిజానికి అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఫొటో తీసిన రోజు నుంచీ బుడ్డి ఆమెని వదల్లేదు. తండ్రి జీపు కడుక్కుంటుంటే, పిల్ల వచ్చి ఆమె బల్ల కింద దూరేది. అక్కడే బొమ్మలు గీసేది, అక్కడే నిద్రపోయేది. "బ్యాంకమ్మా" అని పిలిచేది. "పాపకి పళ్ళూడాయా?" అని ఎవరో ముసలావిడ అడిగితే, "రెండూడాయండీ, మూడోది కదులుతోంది," అని టైపిస్టు తడుముకోకుండా చెప్పేది. బల్ల కింద నుంచి బుడ్డి నోరు తెరిచి చూపించేది.

బుడ్డికి తొమ్మిదో ఏడు వచ్చాక డ్రైవరు మంచాన పడ్డాడు. కిడ్నీలు పాడయ్యాయన్నారు. పర్మనెంటు మనిషి కాదు, రోజు లెక్కన పని చేసేవాడు. అతను పోయిన రోజు స్టాఫంతా లేచి నిలబడి మౌనం పాటించారు, తలా కొంత వేసుకుని ఇచ్చారు. బ్యాంకు చేసింది అంతే. బుడ్డి మేనమామ వచ్చి తల్లీకూతుళ్ళని తన ఊరు తీసుకుపోయాడు. టైపిస్టు బస్టాండుకి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి బస్సు కదిలిపోయింది. కిటికీలోంచి ఓ చెయ్యి ఊగింది. అది బుడ్డి చెయ్యో, ఇంకెవరిదో కూడా ఆమెకి తెలియలేదు.

ఆ ఊరి పేరు తెలుసు గానీ ఇల్లు ఏ వీధిలోనో తెలీదు. ఆ వైపు వెళ్ళే ప్రతివాళ్ళనీ అడిగింది. అంత పెద్ద ఊళ్ళో ఎవరని చెబుతారు?

తర్వాత పోస్టర్లు మారాయి. తల్లీ తండ్రీ పాపా ఉన్నచోట మోటారు సైకిలెక్కిన కుర్రాడొచ్చాడు. ఆ తర్వాత కొత్త ఇంటి తాళాలు పట్టుకుని గంతులేస్తున్న జంట, ఆ తర్వాత నోట్లో పెన్ను పెట్టుకుని కంప్యూటరు ముందు నవ్వే అమ్మాయి. చివరికి మనుషులే పోయి, ఉత్త ఫోను బొమ్మ మిగిలింది. టైపు మిషన్లు పాత సామాను గదికి వెళ్ళాయి. ఆమెకి కంప్యూటరు నేర్పారు, ప్రమోషన్ ఇచ్చారు, శాలువా కప్పి రిటైరు చేశారు. అయినా పాతవాళ్ళ నోట్లో ఆమె టైపిస్టమ్మగానే ఉండిపోయింది. కాషియరు రెండేళ్ళ క్రితం కాలం చేశాడు. పరామర్శకి వెళితే అతని భార్య ఆమె భుజం మీద వాలి, "మన ఇద్దరికీ పోయాడే," అని ఏడుస్తూనే నవ్వింది.

అరవయ్యారేళ్ళ వయసులో ఓ రోజు ఆమె ఇంటి తలుపు తట్టిందొక అమ్మాయి. బ్యాంకు మార్కెటింగ్ ఆఫీసు నుంచి వచ్చానంది. మెడలో హెడ్‌ఫోను వేలాడుతోంది, చేతిలో పాత పోస్టరు నకలుంది.

"ఆంటీ, మా బాధ మీకెలా చెప్పాలో తెలీట్లేదు," అని కూర్చోగానే మొదలుపెట్టింది. "మా తాతల తరానికి బ్యాంకంటే కౌంటరు వెనకున్న ఓ మనిషి. మా అమ్మానాన్నలకి బ్యాంకంటే లోను. మాకు బ్యాంకంటే ఫోన్లో ఓ చిన్న గుర్తు. నచ్చకపోతే వేలితో నొక్కి తీసిపారేస్తాం. ఇప్పటి పిల్లలు ఏ ప్రకటననీ నమ్మరు. నిజం మనుషులు, నిజం కథలైతేనే ఆగి చూస్తారు."

"అయితే?"

"అప్పటి ఫొటో, పక్కనే ఇప్పటి ఫొటో. అదే అమ్మ, అదే పాప. ఈ పోస్టరు పెట్టి 'ఈ పాప ఎవరో తెలుసా' అని నెట్‌లో అడిగాం. ఒకమ్మాయి 'ఇది మా అమ్మ' అని రాసింది. అడ్రసు కూడా ఇచ్చింది."

టైపిస్టు చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడు వెళ్దాం?" అంది.

ఆ వారమే కారులో బయలుదేరారు. దారిపొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది. బుడ్డి ఎలా గీసేది, ఏ రంగు పెన్సిలు ముందు అరగదీసేది, నిద్రలో ఎలా నవ్వేది. మార్కెటింగ్ అమ్మాయి అన్నీ ఫోన్లో రికార్డు చేసుకుంది. "ఇవన్నీ వాడుకోవచ్చాంటీ, బ్రహ్మాండంగా ఉన్నాయి," అంది.

ఇరుకు వీధి. కింద సైకిళ్ళ రిపేరు షాపు, పైన వరసగా గదులు. మెట్లెక్కేసరికి టైపిస్టుకి ఆయాసం వచ్చింది. తలుపు తీసింది పందొమ్మిదేళ్ళ పిల్ల, చురుకైన కళ్ళు. నెట్‌లో రాసింది ఆ పిల్లే. "రండి రండి. అమ్మా, వచ్చారు!" అని లోపలికి కేకేసింది.

లోపల మంచం మీద కూర్చుని ఉంది బుడ్డి. సన్నగా, జబ్బు పడి లేచిన దానిలా ఉంది. నలభై మూడేళ్ళకే చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని. మందు నీళ్ళలో నాని నాని వేళ్ళ చర్మం తెల్లగా పొరలు లేచి ఉంది.

టైపిస్టు ఎన్నో అనుకుంటూ వచ్చింది. తీరా చూశాక, "బుడ్డీ," అని మాత్రం అనగలిగింది.

"కూర్చోండి," అంది బుడ్డి. గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. ఆస్పత్రికొచ్చిన కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది.

మార్కెటింగ్ అమ్మాయి చకచకా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏం చదివారు? ఏడో తరగతిలో ఆగిపోయింది. ఉద్యోగం? దుప్పట్లు ఉతకడం. భర్త? వేరే ఊళ్ళో ఉంటాడు, వేరే ఇంట్లో. ప్రశ్న ప్రశ్నకీ అమ్మాయి గొంతు కిందికి దిగింది. ఇప్పుడే వస్తానని ఫోను పట్టుకుని మెట్ల దగ్గరికెళ్ళింది.

అప్పుడు బుడ్డి టైపిస్టు వైపు తిరిగింది.

"మా నాన్న ఆ పథకంలో నాకేమైనా కట్టాడా? మీకు తెలిసుంటుంది కదా."

"లేదమ్మా. కట్టాలని చాలా అనుకునేవాడు. అతని జీతానికి..."

"అంతేలెండి. నేనూ అలాగే అనుకున్నా. మా అమ్మ మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు. 'నీ బొమ్మ పెట్టుకుని అంత బతికారు, నీకు కట్టే ఉంటారు' అనేది."

"నన్నొచ్చి అడగాల్సింది."

"వచ్చాం," అంది బుడ్డి.

టైపిస్టు అర్థం కానట్టు చూసింది.

"నాకు పదమూడో ఏడు. మామయ్య ఇక బడి మానిపించమన్నాడు. మా అమ్మ తెల్లారే బస్సెక్కించి మీ బ్యాంకుకి తీసుకొచ్చింది. అమ్మకి చదువు రాదు. పోస్టరు మీద ఏం రాశారో మా నాన్న చదివి చెప్పింది గుర్తుపెట్టుకుంది. గోడ మీద చూస్తే ఆ పోస్టరు లేదు, ఎవరో మోటారు సైకిలు అబ్బాయి ఉన్నాడు. మా అమ్మ సంచిలోంచి మా పోస్టరు తీసి కౌంటరు మీద పరిచింది. 'బాబూ, పాప చదువు మీ పూచీ అని రాశారు కదా. ఆ పాప ఇదిగో' అని నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూపించింది. వెనక క్యూలో జనం."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. తిట్టలేదు, నవ్వలేదు. మంచినీళ్ళిచ్చారు. ఖాతా నంబరడిగారు. లేదంటే, ఆ పథకం ఎప్పుడో ఆపేశామమ్మా అని, పోస్టరు జాగ్రత్తగా మడిచి మా అమ్మ చేతికిచ్చారు. 'బ్యాంకమ్మ ఏదీ' అని నేనడిగా. అక్కడ ఎవరికీ ఆ పేరు తెలీదు."

ఆ ఏడాది టైపిస్టుని కంప్యూటరు నేర్చుకోమని హెడ్డాఫీసుకి పంపారు. కాషియరుకి అప్పటికే వేరే బ్రాంచికి బదిలీ అయింది, కౌంటర్లో ఉన్నవాళ్ళంతా కొత్త కుర్రాళ్ళు. ఆమె ఆ సంగతి చెప్పబోయి ఆగింది. చెబితే ఏమవుతుంది? ఆ తల్లి కౌంటరు ముందు నిలబడిన తీరు మారుతుందా?

మార్కెటింగ్ అమ్మాయి తిరిగొచ్చింది. బుడ్డి ముఖం వైపు చూడలేకపోతోంది.

"ఆఫీసు వాళ్ళు ఒక చిన్న మార్పు అడుగుతున్నారండీ. మీ ఉద్యోగం గురించి ఏమీ రాయరు. ఫొటోలో మీకో తెల్ల కోటు వేస్తారు, అంతే. ఎలాగూ ఆస్పత్రిలోనే కదా మీరు..."

"డాక్టరమ్మ కోటా?" అంది బుడ్డి.

"డాక్టరని ఎక్కడా రాయం."

"రాయకుండానే అనుకుంటారన్నమాట."

అమ్మాయి తల దించుకుంది. బుడ్డి కూతురు గోడకానుకుని, "డబ్బులెంతిస్తారో అడగమ్మా ముందు," అంది. బుడ్డి కూతురి వైపు చూసిన చూపుకి ఆ పిల్ల మళ్ళీ మాట్లాడలేదు.

"ఉన్నదున్నట్టు తీసుకుంటే తీసుకోండి. ఇదే నా ముఖం," అంది బుడ్డి.

అమ్మాయి మంచిదే. ఇద్దర్నీ ఆ మంచం మీదే పక్కపక్కన కూర్చోబెట్టి ఫోనుతో ఫొటో తీసి ఆఫీసుకి పంపింది. జవాబు వెంటనే వచ్చింది. ఫొటోలో ఆశ కనపడటం లేదన్నారు. ఆ మాట పైకి చదవకుండా ఆ అమ్మాయి ఫోను సంచిలో పడేసుకుంది. చదవకపోయినా అందరికీ అర్థమైంది.

వెళ్ళేటప్పుడు టైపిస్టు గుమ్మం దగ్గర ఆగి, "మళ్ళీ వస్తానమ్మా. నెలకోసారైనా..." అంది.

బుడ్డి ఆమె చెయ్యి పట్టుకుంది. వేళ్ళు గరగరలాడాయి.

"మీరు మంచివారు. నాకు తెలుసు. కానీ మిమ్మల్ని చూస్తే నాకు మా అమ్మ ఆ కౌంటరు దగ్గర నిలబడటమే కళ్ళ ముందుకొస్తోంది. రాకండి. ఏమీ అనుకోకండి."

కారులో వెళ్ళేటప్పుడు వినిపించిన కబుర్లు తిరుగు ప్రయాణంలో లేవు. ఊరు దగ్గరపడ్డాక అమ్మాయి మెల్లిగా నోరు విప్పింది.

"ఆంటీ, ఆఫీసు వాళ్ళు ఎవరో నటిని పెడతామంటున్నారు, కూతురుగా. పక్కన మీరు కూర్చుంటే చాలట. మీ ముఖం అసలుదే కదా, జనం నమ్ముతారు."

"ఎవరి పక్కన పడితే వాళ్ళ పక్కన కూర్చోవడం ఇరవయ్యారేళ్ళప్పుడు చేశానమ్మా," అంది టైపిస్టు. "ఇక నా వల్ల కాదు."

అమ్మాయి బతిమాలలేదు.

రెండు నెలలకి ప్రకటన వచ్చింది. ఎడమ పక్క పాత ఫొటో. కుడి పక్క హుందాగా ఉన్న పెద్దావిడ, ఆవిడ భుజం మీద చెయ్యేసి తెల్ల కోటులో నవ్వుతున్న యువతి. "నాడూ నేడూ, మీ కలలకు మేమే తోడు." ఫోన్లలో, బస్టాపుల్లో, బ్యాంకు గాజు తలుపుల మీద. అది చూసి కాషియరు భార్య ఫోను చేసింది. "ఇదేమిటే, నీ బదులు ఎవర్నో పెట్టారు? మా ఆయన్ని కూడా మార్చి పారేస్తారేమో చూడు!" అని నవ్వబోయి, అవతల నుంచి ఏమీ వినపడకపోయేసరికి, "ఏడుస్తున్నావా?" అంది.

టైపిస్టు మరో వారం ఆగింది. ఆ ప్రకటన తన సమ్మతితోనే వచ్చిందని బుడ్డి అనుకుంటుందేమోనన్న ఆలోచన ఆమెని నిలవనివ్వలేదు. రావద్దన్న మాట పక్కన పెట్టి, ఒక్కతే బస్సెక్కింది.

తలుపు తీసింది కూతురే. అమ్మ డ్యూటీ నుంచి వచ్చే వేళయిందని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"నువ్వు చూశావా అమ్మాయ్, ఆ ప్రకటన?"

"చూశాం. అమ్మ నా ఫోను లాక్కుని చాలాసేపు చూసింది. 'ఆ పెద్దావిడ బ్యాంకమ్మ కాదు' అంది. ఆ రోజు అన్నం తినలేదు."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బుడ్డి లోపలికొచ్చి ఆమెని చూసి గుమ్మంలోనే ఆగింది. టైపిస్టు గబుక్కున లేచి నిలబడింది.

"నేను కూర్చోలేదమ్మా. అడిగారు గానీ కూర్చోలేదు. ఆ మాట చెప్పి వెళ్దామనే వచ్చాను. వెళ్ళిపోతున్నాను."

బుడ్డి చేతిసంచి మేకుకి తగిలించింది, చెప్పులు మూలకి నెట్టింది. "ఇంత దూరం వచ్చి నిలబడే వెళ్తారా? కూర్చోండి," అంది. తనూ ఎదురుగా నేల మీద చతికిలబడి, గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. పని నుంచి వచ్చిన అలసట. కూతురు ఏదో కొనుక్కొస్తానని కిందికి దిగిపోయింది. కింద షాపులో ఎవరో సైకిలు చక్రం గిరగిరా తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.

చాలాసేపటికి బుడ్డి కళ్ళు తెరిచింది.

"ఒకటి అడుగుతాను. మా నాన్న ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. నాన్నతో కలిసి నేను దిగింది ఆ పోస్టరొక్కటే, అందులో నాన్నేమో వేరే ఆయన. మా అమ్మా పోయింది. మా నాన్నని ఎరిగినవాళ్ళు నాకు మీరు తప్ప ఇంకెవరూ లేరు. ఎలా ఉండేవాడు?"

టైపిస్టు ఉత్సాహంగా మొదలుపెట్టింది. ఎడం చేత్తో రాసేవాడంది. జీపు తుడుస్తూ తనలో తనే కూనిరాగాలు తీసేవాడంది. ఎవరైనా పని చెబితే "చిటికెలో" అనేవాడు, ఓ గంట పట్టేది. పొట్టి మనిషి, సీటు మీద దిండేసుకుని నడిపేవాడు. బుడ్డి పెదవుల మీద మొదటిసారి నవ్వు కదిలింది.

"ముఖం?"

టైపిస్టు కళ్ళు మూసుకుని వెతికింది. ఖాకీ చొక్కా కనిపించింది, భుజం మీద తువ్వాలు కనిపించింది, ముఖం మాత్రం రాలేదు. గట్టిగా పట్టి తెచ్చుకోబోతే, నీలం గుడ్డ ముందు మీసకట్టుతో కాషియరు వచ్చి నిలబడుతున్నాడు. ఇన్నేళ్ళూ బుడ్డి తండ్రి అనుకోగానే ఆ బొమ్మే చూసి చూసి, అసలు మనిషి ఎప్పుడు చెరిగిపోయాడో ఆమెకే తెలీలేదు. ఏదో ఒకటి చెప్పొచ్చు. కోలముఖం, పెద్ద కళ్ళు, నీ పోలికే అంటే బుడ్డి సంతోషిస్తుంది. ఒకప్పుడు కౌంటరు దగ్గర ఎంతమందికి అలా చెప్పలేదు!

"గుర్తు రావట్లేదమ్మా," అంది. "ఎంత వెతికినా ముఖం రావట్లేదు."

బుడ్డి ఆమె వైపు చాలాసేపు చూసింది.

"నాకూ అంతే," అంది. "పోనీలెండి. వచ్చినంతవరకే చెప్పండి. ఆ పాటలేంటో, ఏం పాడేవాడో..."

టైపిస్టు ముక్కు తుడుచుకుని, కుర్చీ దిగి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. మళ్ళీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.